మొదటి బరువు నుంచే

అంకెలు కలిసిన రోజు మా అన్నయ్య ఇంటికి కల్బ్ ఎల్ లౌజ్ తెచ్చేవాడు. రవ్వా బాదంపప్పూ పాకంలో నానిన ఆ ముక్కలు అట్టపెట్టెలో ఒకదాన్నొకటి అంటుకుని ఉండేవి. పెట్టె చూడగానే హువారియా వదిన "ఇవాళ ఎన్నో అంకె దాకా కలిసింది?" అని అడిగేది. ఆవిడకి ఆ లెక్కలతో పనిలేదు. "దశాంశం తర్వాత నాలుగో అంకె దాకా" అని అన్నయ్య అంటే, "అయితే తలా రెండు ముక్కలు" అని పంచేది.

అన్నయ్య, ప్రొఫెసర్ బెనౌదా, పలకల లెక్కల మనిషి. ఆ పలకలని మా ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆయన కూడా చూడలేదు. ఒక ముఖం పింగాణీ, నిప్పుకి తట్టుకుంటుంది. రెండో ముఖం లోహం, పగలదు. రెండింటికీ మధ్య అతుకు ఉండదు. ఎక్కడ పింగాణీ అయిపోయిందో ఎక్కడ లోహం మొదలైందో వేలుపెట్టి చూపించలేం, మనిషి వయసు లాగా. అలాంటి పలకని తయారుచేసే కొలిమి ఒరాన్ నగరానికి దక్షిణాన గోధుమచేల మధ్య ఉన్న మా ఊళ్ళో లేదు. ఉన్నది కాగితం, కంప్యూటరు, అన్నయ్య బుర్ర. వాటితోనే ఆయన ఆ పలకని నొక్కేవాడు, వేడిచేసేవాడు, ఊపేవాడు. ఎంత బలంతో అంచుల్ని నొక్కితే పలక తటాలున వంగుతుందో చెప్పే ఒక పట్టిక వేశాడు. కొరియాలోనూ ఇరాన్‌లోనూ కొత్త సిద్ధాంతం రాసినవాళ్ళు తమ అంకెల్ని ఆ పట్టిక పక్కన పెట్టి చూసుకునేవారు. కలిస్తే తాము సరైన దారిలో ఉన్నట్టు.

నాన్న పోయాక నన్ను చదివించింది అన్నయ్యే. ఆయన ఏదైనా చెప్తే నాకు అది నిజమైపోయేది, వివరం తర్వాత వచ్చేది. లిసేలో, అంటే పై తరగతుల బడిలో, పిల్లలకి తత్వశాస్త్రం చెప్పేదాన్ని, అందరినీ అనుమానించమని నేర్పేదాన్ని. ఆ పాఠం మా మేడమెట్ల దగ్గర ఆగిపోయేది. అన్నయ్య వాళ్ళు పైన, మేము కింద. మేము అంటే నేనూ, నా భర్త మీలూద్. మీలూద్ అన్నయ్య విద్యార్థిగానే మొదట ఈ ఇంటికి వచ్చాడు. నలభై దాటినా థీసిస్ తెమలలేదు. ఆ ఏడు ఎట్టకేలకు పూర్తయింది. వైవా రంజాన్ పండుగ వెళ్ళిన వారంలో.

రంజాన్ ఆ ఏడు నడి ఎండల్లో పడింది. దక్షిణం నుంచి వచ్చే గాలికి కిటికీ రెక్కలు కూడా వేడెక్కేవి.

ఒక మధ్యాహ్నం నేను హరీరా సూపు కోసం శనగలు నానబెడుతుంటే మీలూద్ వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్‌ని పక్కకి జరిపాడు. నేల మీద పరిచిన ఆకుపచ్చ ప్లాస్టిక్ షీటుని దాని కింద కత్తితో కోయడం మొదలుపెట్టాడు.

"ఉపవాసం తలకెక్కిందా నీకు?"

"ఫ్రిజ్ కింద ఎవరు చూస్తారు ఖైరా?"

"మీ అత్తగారు బతికుంటే ముందు అక్కడే చూసేది."

అతను నవ్వలేదు. జానెడు పొడుగు ముక్క తీసి దులిపాడు. పైన నున్నటి గట్టి పొర, అడుగున గుడ్డలాంటి మెత్తటి పొర. ముందు నా చేతిలో పిల్లల స్కేలు పెట్టాడు.

"రెండు కొసలూ అరచేతుల మధ్య పెట్టి నొక్కు. మెల్లగా."

నొక్కాను. స్కేలు తిన్నగానే ఉంది. ఇంకొంచెం నొక్కాను. తిన్నగానే ఉంది. ఇంకొంచెం, తటాలున విల్లులా వంగింది.

"మళ్ళీ."

ఈసారి రెండోవైపుకి వంగింది.

"ఎటు వంగుతుందో దానికే తెలియదు. అంతవరకూ తిన్నగా ఉంటుంది, ఒక బలం దగ్గర ఓడిపోతుంది. ఇప్పుడు ఇది."

ఆకుపచ్చ ముక్కని నొక్కాను. అది ఆగలేదు. నా చేతులు దగ్గరికి జరగడం మొదలవగానే అదీ వంగడం మొదలైంది. తిన్నగా ఉన్న క్షణం అంటూ దొరకలేదు. మెత్తటి ముఖం లోపలికి, గట్టి ముఖం బయటికి. తిప్పి పట్టుకున్నా అంతే.

"చూశావా" అన్నాడు మీలూద్. గొంతు చిన్నగా ఉంది. "ప్రోగ్రాములో తప్పుందనుకున్నాను. బలం కొద్దికొద్దిగా పెంచుతుంటే మొదటి మెట్టులోనే పలక కదులుతోంది. వసంతం అంతా ఆ తప్పు కోసమే వెతికాను."

"తప్పు దొరికిందా?"

"ప్రోగ్రాములో లేదు."

తర్వాత అతను చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. ఏ పలక వంగినా ఒక వైపు సాగుతుంది, రెండో వైపు కుదించుకుంటుంది. లోపల ఎక్కడో సాగకుండా కుదించుకోకుండా ఒక పొర ఉంటుంది. స్కేలులో అది సరిగ్గా మధ్యలో. కానీ ఒక ముఖం గట్టిది, ఇంకోటి మెత్తనిది అయినప్పుడు ఆ పొర మధ్యలో ఉండదు, గట్టి ముఖం వైపుకి జరిగి ఉంటుంది. మనం మధ్య అనుకుని నొక్కేచోటు దానికి మధ్య కాదు. అందుకే అది మొదటి బరువు నుంచే వంగుతుంది. తటాలున వంగడం అన్నది దానికి లేనే లేదు.

"మరి అన్నయ్య పట్టిక?"

"ఎంత బలం దగ్గర తటాలున వంగుతావు అని అడిగితే సమీకరణం మర్యాదగా ఒక అంకె చెప్తుంది, ఖైరా. ఇప్పటికే వంగి ఉన్నావా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నా అంకెలు ఆయన అంకెలతో కలిశాయి, కల్బ్ ఎల్ లౌజ్ తిన్నాం."

"అందరికీ కలిశాయి కదా?"

"అందరం ఒకే ప్రశ్న అడిగితే ఒకే జవాబు వస్తుంది."

నేను శనగల గిన్నె పక్కన పెట్టి మళ్ళీ ఆ ముక్కని నొక్కాను. వంగకూడదని కోరుకున్నాను. మనసులో ఏదైనా బలంగా కోరుకుంటే చేతివేళ్ళు దొంగసాయం చేస్తాయి, అది నాకు తెలుసు. వేళ్ళు సాయం చేశాయి కూడా. అయినా వంగింది.

"ఆ అధ్యాయం తీసేస్తే?" అన్నాను. "మిగతావి చాలవా?"

"చాలు. పండుగ వెళ్ళాక డాక్టర్ మీలూద్."

"తీసెయ్ మరి."

అతను ఫ్రిజ్‌ని యథాస్థానంలోకి తోశాడు. "కొరియాలో ఎవరో ఒకడు ఏదో ఒక రోజు నిజంగా ఆ పలక పోతపోయిస్తాడు. పట్టిక చూసి దాని మీద బరువు పెడతాడు. అప్పుడు?" అని, చేతులు దులుపుకుని, "ముందు షేఖ్‌కి చెప్పాలి. ఇంకెవరికీ కాదు" అన్నాడు.

గైడ్‌ని అతను షేఖ్ అనే పిలిచేవాడు, గురువుగారూ అన్నట్టు. ఆయన చెల్లెల్ని పెళ్ళాడాక కూడా అంతే.

మర్నాడు చెప్పి వచ్చాడు. చెప్పులు విప్పుతుంటేనే సంగతి అర్థమైంది.

"ఎన్నింటికి చెప్పావ్?"

"సాయంత్రం అసర్ నమాజ్ అయ్యాక. ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు."

"అసర్ అయ్యాకా? రంజాన్‌లో? పొద్దుట్నుంచి కాఫీ లేదు, సిగరెట్ లేదు, ఆ టైములో ఆయనకి నిజం చెప్తావా? అజాన్ అయ్యేదాకా ఆగలేకపోయావా?"

"ఆగితే చెప్పలేకపోయేవాణ్ణి."

"ఏమన్నాడు?"

"నీ ప్రోగ్రాములో తప్పు వెతుక్కో అన్నాడు. వెతికాను షేఖ్ అన్నాను. అయితే నీలో వెతుక్కో అన్నాడు."

ఆ సాయంత్రం ఉపవాసం విడవడానికి అన్నయ్య కిందికి రాలేదు. ప్రతి రంజాన్‌లో నలుగురం మా వంటింట్లోనే, ఒకే బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం. అజాన్ వినబడగానే మొదటి ఖర్జూరం ఆయనే అందుకునేవాడు. వదిన ఒక్కతే మెట్లు దిగి వచ్చి గడపలో నిలబడింది.

"తలనొప్పిట. గిన్నెలో పోసివ్వు, పైకి తీసుకెళ్తాను."

మూతగిన్నెలో హరీరా పోసిచ్చాను. అది ఇంచుమించు రోజూ జరిగింది. నన్ను బాధపెట్టింది హరీరా పైకి వెళ్ళడం కాదు. గిన్నె కడిగి, ఖాళీగా తిరిగి రావడం. మా వైపు పక్కింటివాళ్ళ గిన్నె కూడా ఖాళీగా పంపరు. నాలుగు అంజీరు పళ్ళో, ఒక రొట్టెముక్కో, ఏమీ లేకపోతే గుప్పెడు పుదీనా అయినా వేసి పంపుతారు. వదిన ఆ ఖాళీ గిన్నెని నా కళ్ళలోకి చూడకుండా ఇచ్చేది.

"నన్నేం అనకు ఖైరా. ఏదైనా పెట్టబోతే గిన్నె లాక్కున్నాడు. నాతో మాట్లాడడు, గోడతో మాట్లాడతాడు. పాపం గోడకి కూడా విసుగొచ్చినట్టుంది, నిన్న సున్నం రాలింది."

మీలూద్ ఎప్పటిలాగే తినేవాడు, గిన్నెలు కడిగేవాడు. థీసిస్ నుంచి ఒక్క పేజీ తీయలేదు. గైడ్ సంతకం లేకపోతే వైవా లేదు. ఆ సంతకం ఇంకా పడలేదు. ఆ మాట మేమిద్దరం పైకి అనలేదు.

ఆ రోజుల్లో నా గురించి నేను ఎక్కువ ఆలోచించాను. సాగకుండా కుదించుకోకుండా ఉండే పొర ఈ ఇంట్లో నేనే అని పైనా కిందా అనుకునేవారు. వదిన నాతో ఆయన గురించి చెప్పుకునేది, మీలూద్ నాతో మౌనంగా ఉండేవాడు. నేనూ అలాగే అనుకున్నాను, సరిగ్గా మధ్యలో ఉన్నానని. కానీ ఖాళీ గిన్నె చేతికి వచ్చినప్పుడల్లా నాలో లేచేది కోపం. అన్నయ్య మీద నాకు కోపం రావడం నేనెరగను. ఇంట్లో గట్టి మనిషి ఆయన అనుకుంటూ పెరిగాను. ఎన్నడూ గొంతు పెంచని మనిషి, ఒక్క పేజీ తీయకుండా గిన్నెలు కడుగుతున్న మనిషి, గట్టివాడని అప్పుడప్పుడే తెలుస్తోంది. నేను ఎటువైపు జరుగుతున్నానో కూడా.

పండుగ దగ్గరపడ్డాక ఒకరోజు వదిన పిండివంటల్లో మునిగి ఉందని గిన్నె నేనే పైకి తీసుకెళ్ళాను. పొద్దు ఇంకా వాలలేదు. వంటింటి తలుపు తీసే ఉంది. ఫ్రిజ్ గది మధ్యకి వచ్చి నిలబడి ఉంది. వైరు బిగుసుకుని గోడలోంచి ఊడొచ్చేలా ఉంది. అన్నయ్య దాని వెనక బనీనుతో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నయ్యా?"

"మీ వదిన ఊడవమంది" అన్నాడు.

చీపురు ఎక్కడా కనిపించలేదు. నేను గిన్నె బల్ల మీద పెట్టాను.

"చల్లారకముందే తిను."

"అజాన్ అయితే తింటాను. అంతకుముందు తినిపించి నన్ను నరకానికి పంపుతావా?"

చాలా రోజుల తర్వాత నాతో ఆయన అన్న పెద్ద మాట అదే. గబగబా మెట్లు దిగాను, ఇంకో మాట అంటే ఏడుస్తానని.

మర్నాడు మధ్యాహ్నం వదిన గిన్నె తెచ్చింది. ఈసారి నా కళ్ళలోకి చూసింది.

"ఖాళీగా లేదు. కానీ తినేది కూడా కాదు. ఇదేం మర్యాదో మీరే చెప్పండి."

మూత తీశాను. గిన్నె అడుగున జానెడు ప్లాస్టిక్ షీటు ముక్క వంకర తిరిగి ఉంది. ఎర్రమట్టి రంగు. మాది ఆకుపచ్చ, వాళ్ళదే ఎరుపు. రెండు కొసల దగ్గరా గట్టి పొర మీద అరచేతుల చెమట మరకలు పడి, నొక్కీ నొక్కీ మెరుపు పోయి ఉంది.

మీలూద్ దాన్ని తీసుకుని చేతుల మధ్య పెట్టుకున్నాడు. నొక్కలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అజాన్‌కి ముందే అన్నయ్య కిందికి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఖర్జూరం తీసుకున్నాడు, మజ్జిగ తాగాడు. హరీరా ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "కొత్తిమీర తక్కువైంది" అన్నాడు.

"ఇన్నాళ్ళూ పైకి పంపినప్పుడు తక్కువ కాలేదేం?" అంది వదిన.

"అప్పుడు రుచి చూడలేదు."

కూరు పెట్టి వేయించిన బొరెక్ విరిచి మీలూద్ పళ్ళెంలో సగం వేశాడు. మీలూద్ దాని వైపు చూస్తూ కూర్చున్నాడు.

"తిను. సంతకం పెట్టాను. ఆ అధ్యాయం చివర్లో ఎందుకు పెట్టావు, దొంగసొమ్ము దాచినట్టు? ముందుకి తీసుకురా."

"సరే షేఖ్."

"అంచులు బిగించేస్తే? కదలకుండా?"

"బిగిస్తే తిన్నగా నిలుస్తుంది షేఖ్. అంచు తిరగనివ్వకపోతే తటాలునే వంగుతుంది. అక్కడ మీ లెక్క సరైందే. పట్టికలో సగం నిలుస్తుంది."

"సగం" అన్నాడు అన్నయ్య. రొట్టె హరీరాలో ముంచాడు. "సగం తక్కువేం కాదు."

ఎంత చదువుకున్నా, ఆ పూట నేను ఆయన మొహంలో ఏముందో చదవలేకపోయాను. అవమానం ఉంటుందనుకున్నాను. వెతికాను. ఒక చిన్న చిరాకు మాత్రం కనిపించింది. అది కూడా మీలూద్ మీద కాదు, ఇన్నేళ్ళూ తనకి తట్టనందుకు తన మీద.

వైవా రోజు పొద్దున వదిన కొత్త గౌను ఇస్త్రీ చేసుకుంటూ నన్ను అడిగింది.

"యూయూ ఎప్పుడు వెయ్యాలే? వాళ్ళ ఫ్రెంచి నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ముందే వేస్తే నవ్వుతారు, ఆలస్యమైతే చప్పగా ఉంటుంది."

ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ వేసే ఆ కేక లేకపోతే డాక్టరేటు వచ్చినట్టే ఉండదు మా ఊళ్ళో. మా వీధి మొత్తంలో అంత పొడుగున కేక వేయగలిగింది మా వదిన ఒక్కతే.

"గైడ్ ఎప్పుడూ చివర్లోనే మాట్లాడతాడు" అన్నాను. "అన్నయ్య లేచి మాట్లాడి కూర్చుంటాడు చూడు, ఇక అయిపోయినట్టే. అప్పుడు వెయ్యి."

హాల్లో ఫ్యాన్లు వేడి గాలినే తిప్పుతున్నాయి. మీలూద్ బాగా చెప్పాడు. పరీక్షకుల్లో బయటి ఊరినుంచి వచ్చిన ప్రొఫెసర్ లఖ్దర్ అనే పెద్దాయన ఉన్నాడు. అన్నయ్య అంటే ఆయనకి గురి. థీసిస్ తిరగేస్తూ కళ్ళజోడు పైకి తోశాడు.

"అంచులు వదులుగా ఉన్న పలకల దగ్గర మీ ఫలితం అందరికీ తెలిసిన పట్టికతో కలవడం లేదు. ఆ పట్టిక మీ గైడ్‌గారిదే. ఆయన ఎదురుగా కూర్చునే ఉన్నారు. ఇన్నేళ్ళుగా ప్రపంచమంతా వాడుతున్న అంకెలు అవి. అయితే మీ లెక్కలో ఏదో జారిపోయి ఉండాలి, కాదంటారా?"

మీలూద్ నోరు తెరిచాడు. మొదటి వరసలో అన్నయ్య చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. మీలూద్ చూపు అటు వెళ్ళి, పక్కకి తప్పుకుంది.

"నమూనాలలో తేడా ఉండవచ్చు" అన్నాడు. "రెండు దృక్పథాల మధ్య ఒక విధమైన..."

వసంతం నుంచీ వంగని మనిషి మర్యాద ముందు వంగుతున్నాడు.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. గైడ్ మధ్యలో లేవడం నేనెన్నడూ చూడలేదు. హాలు సద్దుమణిగింది.

"మీలూద్, ఆ పట్టిక ఎవరిది?"

"మీది షేఖ్."

"అంచులు వదులుగా ఉన్న పలక అలా తటాలున వంగుతుందా?"

"లేదు షేఖ్. మొదటి బరువు నుంచే వంగుతుంది."

"అయితే పట్టికలో ఆ సగం ఏమిటి?"

మీలూద్ చేతిలో కాగితాలు సర్దుకున్నాడు.

"నమూనా, తేడా, దృక్పథం అంటున్నావు. ఫ్రెంచిలో దానికి చిన్న మాట ఉంది. మరిచిపోయావా?"

"తప్పు షేఖ్" అన్నాడు మీలూద్. హాలు చివరిదాకా వినబడింది.

"తప్పు" అన్నాడు అన్నయ్య, లఖ్దర్ వైపు తిరిగి. "నాది. అతను కనిపెట్టాడు. నేను వారాల తరబడి అతన్ని తిట్టి, తర్వాత మా వంటింటి నేల కోసి చూసుకున్నాను. ఇక మీ తర్వాతి ప్రశ్న."

కూర్చున్నాడు.

ఆయన కూర్చోగానే వదిన లేచింది. నేను చెయ్యి పట్టుకునేలోపే యూయూ కేక పైకప్పుని తాకింది. సన్నగా, పొడుగ్గా, ఎక్కడా ఊపిరి తెగకుండా. అన్నయ్య తన తప్పు ఊరంతటి ముందు ఒప్పుకున్న క్షణంలో ఆయన భార్య పెళ్ళి కేక వేస్తోంది. లఖ్దర్ కళ్ళజోడు జారి బల్ల మీద పడింది. ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, ఆఖరికి మీలూద్ కూడా. అన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు.

"హువారియా, ఇంకా అవలేదే!"

"అవలేదా? మరి నువ్వు కూర్చున్నావుగా!"

ఫలితం తర్వాత చాలాసేపటికి చెప్పారు. ఆవిడ మళ్ళీ వేసింది. నాకు మాత్రం మొదటిదే గుర్తుంది.

సాయంత్రం అన్నయ్య అందరికంటే వెనక ఇంటికి వచ్చాడు. చేతిలో అట్టపెట్టె. వదిన అలవాటుగా అడిగింది, "ఎన్నో అంకె దాకా కలిసింది?"

"ఒక్క అంకె కూడా కలవలేదు" అన్నాడు. "తలా మూడు ముక్కలు పంచు."

ఆ వేసవి మిగిలిన రోజులన్నీ ఆయన కిందికి వస్తూనే ఉన్నాడు, పైనుంచి ఒక కుర్చీ కూడా తెచ్చుకుని. ఇద్దరూ పట్టిక మళ్ళీ మొదటి నుంచి వేశారు. సవరణ వ్యాసం మీద మీలూద్ పేరు ముందు ఉండాలని అన్నయ్య, వద్దని మీలూద్ పోట్లాడుకున్నారు. అన్నయ్యే గెలిచాడు. అచ్చయ్యాక కొరియా నుంచి ఎవరో ధన్యవాదాలు చెప్పారు. ఇంకెవరో పాత పట్టికే వాడుతూ పోయారు. అన్నయ్య వాళ్ళకి ఓపికగా జవాబులు రాస్తూ పోయాడు, వాళ్ళు తన చిన్ననాటి స్నేహితులైనట్టు.

అంతకుముందు గొప్పవాడని నమ్మి ఆయన్ని ప్రేమించాను. ఆ వేసవి తర్వాత ఆ నమ్మకం అవసరం లేకపోయింది. ఎదురుగా కనబడుతూనే ఉంది.

ఒక మాట మాత్రం ఎప్పుడు మారిందో నాకు తెలియదు. కొత్త పట్టిక వేస్తున్న రోజుల్లో, మీలూద్ ఏదైనా కాదంటే అన్నయ్య వెక్కిరింపుగా "చిత్తం షేఖ్" అనేవాడు. మేమందరం నవ్వేవాళ్ళం, మీలూద్ చెవులు ఎర్రబడేవి. వేసవి వెళ్ళాక కూడా అలాగే అనేవాడు. చలికాలం మొదట్లో ఒక పొద్దున, అన్నయ్య మెట్ల మీద నిలబడి కిందికి వంగి, చేతిలో కాగితం పట్టుకుని పిలిచాడు.

"షేఖ్, ఇది ఒకసారి చూస్తావా?"

ఎవరూ నవ్వలేదు. మీలూద్ "వస్తున్నా" అని చెప్పులేసుకుని పైకి వెళ్ళాడు. వెక్కిరింపు ఏ రోజు పోయిందని ఎంత వెనక్కి వెళ్ళి వెతికినా ఆ రోజు దొరకదు. మొదటిసారి అన్నప్పటి నుంచే అది కొంచెం కొంచెంగా నిజం అవుతూ ఉండి ఉంటుంది.